బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత సరిపడా ప్రొటీన్ అందేలా చూసుకోవడం ఎలా?

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లందరికీ డాక్టర్లు చెప్పే మొదటి మాట "ప్రొటీన్ బాగా తీసుకోండి" అని. ఇంటికొచ్చి దాన్ని ఆచరణలో పెట్టబోతే అసలు కష్టం తెలుస్తుంది. నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతుంది. ఆకలి వేయదు. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న మాంసం వాసన కూడా పడదు. ఇలాంటి పరిస్థితిలో రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ ఎలా తినడం?

తినగలరు. కాకపోతే ఆకలిని నమ్ముకుంటే కుదరదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా జీర్ణకోశం, అంటే కడుపు సంచి, పైభాగంలో తయారవుతుంది. ఆ సంచిలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్‌లో, తీసేసే ముక్కలో ఆ భాగమే ప్రధానం. కాబట్టి మొదటి నెలల్లో శరీరం తనంతట తాను తిండి అడగదు. మీరే గ్రాములు లెక్కపెట్టి, వేళకు అందించాలి. ఆ లెక్కను రోజూ ఎలా నడపాలో వివరంగా చెబుతాను.

ముందుగా ఒక జాగ్రత్త. మీ సర్జన్ గానీ డైటీషియన్ గానీ ఇచ్చిన చార్టుకూ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే చార్టునే పాటించండి. మీకు జరిగిన ఆపరేషన్ తీరు వాళ్లకు తెలుసు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత ప్రొటీన్ తీసుకోవచ్చో కిడ్నీ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

ఇంత పట్టుదల ఎందుకంటే

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలల పాటు శరీరానికి చేరే కేలరీలు దాని ఖర్చుకు ఏమాత్రం సరిపోవు. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం కొవ్వును కరిగిస్తుంది, దాంతోపాటు కండనూ కరిగిస్తుంది. బరువు తూచే మెషీన్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు. అంకె తగ్గుతోందని సంతోషపడుతున్నప్పుడు అందులో కండ ఎంత పోయిందో మనకు కనిపించదు. మెట్లెక్కుతుంటే కాళ్లు వణికినప్పుడు, కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం కావాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. కండ తగ్గితే ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. ఏడాదో రెండేళ్లో గడిచాక బరువు మళ్లీ పెరగడానికి అదొక దారి. గాయాలు మానాలన్నా, జబ్బులను తట్టుకోవాలన్నా ప్రొటీన్ కావాలి. పైగా కొవ్వును దాచుకున్నట్టు ప్రొటీన్‌ను శరీరం దాచుకోలేదు. నిన్న ఎక్కువ తిన్నాం కదా అని ఈరోజు మానేస్తే ఆ లోటు కండలోంచే తీరుతుంది.

మొదటి పని: మీ అంకె తెలుసుకోండి

స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపులో చిన్న సంచి చేసి దాన్ని నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) అయినవాళ్లకు సాధారణంగా రోజుకు 60 గ్రాములు కనీసం, 80 గ్రాముల దాకా లక్ష్యం. మరో పద్ధతిలో, మీ ఎత్తుకు తగిన ఆదర్శ బరువులో ప్రతి కిలోకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా లెక్కేస్తారు. ఇక్కడే చాలామంది తడబడతారు. లెక్కలో వేయాల్సింది ప్రస్తుత బరువు కాదు, ఆదర్శ బరువు. ఎత్తును బట్టి 60 కిలోలు ఉండాల్సిన మనిషి 120 కిలోలున్నా, ఆ మనిషికి కావాల్సింది 60 నుంచి 90 గ్రాములే.

డ్యుయోడెనల్ స్విచ్ లాంటి ఆపరేషన్లలో లెక్క వేరు. అక్కడ పేగులో ఎక్కువ భాగాన్ని దాటవేస్తారు కాబట్టి, పాంక్రియాస్ నుంచి వచ్చే జీర్ణరసాలు తిండితో కలిసేది చివరి కొద్ది భాగంలోనే. తిన్న ప్రొటీన్‌లో కొంత ఒంటికి పట్టకుండానే పోతుంది. అందుకే వీళ్లకు 90 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చెబుతారు. మీది ఏ ఆపరేషనో, మీ అంకె ఎంతో డైటీషియన్‌తో కాగితం మీద రాయించుకుని వంటింట్లో కనబడేచోట అంటించండి. ఇంట్లో వండేవాళ్లకూ అది తెలియాలి.

మొదటి రెండు వారాల్లో ఈ అంకె అందకపోతే కంగారుపడకండి. అప్పుడు ఒళ్లు ఎండిపోకుండా నీళ్లు, ఇతర ద్రవాలు అందడమే ముఖ్యం. ప్రొటీన్‌ను రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లండి.

రెండో పని: ఏ దశలో ఏది తినాలో చూసుకోండి

మొదటి ఒకటి రెండు రోజులు వడకట్టిన పల్చటి ద్రవాలే. ఆ తర్వాత సుమారు రెండు వారాల దాకా పాలు, సూపులు, ప్రొటీన్ షేక్ (ప్రొటీన్ పౌడర్ కలిపిన పానీయం) లాంటి చిక్కటి ద్రవాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మిక్సీ పట్టిన ఆహారం. ఐదు, ఆరు వారాలకు ఫోర్కుతో నొక్కితే చితికిపోయేంత మెత్తటివి. ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. ఈ వారాలు ఒక్కో ఆస్పత్రిలో ఒక్కోలా ఉంటాయి. తొందరపడి తర్వాతి దశకు దూకితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, అది ప్రమాదం.

ద్రవాల దశలో ప్రొటీన్ పెంచడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం పాలలో పాలపొడి కలపడం. 200 మిల్లీలీటర్ల వెన్న తీసిన పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితే, 7 గ్రాములు ఉండాల్సిన ప్రొటీన్ 11, 12 గ్రాములకు చేరుతుంది. గ్లాసు పరిమాణం మాత్రం పెరగదు. చిన్న కడుపుకు కావాల్సింది సరిగ్గా ఇదే. సూపులోనూ, మెత్తటి ఆహారంలోనూ ఇలాగే పొడి కలపవచ్చు.

మెత్తటి దశలో గుడ్డు మంచి ఆధారం, కానీ పెనం మీద ఎక్కువసేపు ఉంచితే రబ్బరులా సాగుతుంది. సన్నటి మంట మీద, ఇంకా తడిగా ఉండగానే దించేయండి. చేప సాధారణంగా చికెన్ కంటే తేలిగ్గా దిగుతుంది. చికెన్ తింటే తురిమి, గ్రేవీలోనో సూపులోనో నానబెట్టి తినండి. ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేసిన చికెన్ ముక్క ఎండిపోయి గొంతు కింద ఇరుక్కున్నట్టు అనిపించడం ఈ ఆపరేషన్లు అయినవాళ్ల నుంచి తరచూ వినే ఫిర్యాదు. మేక, గొర్రె, ఆవు మాంసం లాంటి పీచు ఎక్కువున్న వాటిని మొదటి కొన్ని నెలలు పక్కన పెట్టడం మేలు.

మూడో పని: దేంట్లో ఎంతుందో గుర్తుపెట్టుకోండి

పెద్ద గుడ్డు ఒకటి 6 గ్రాములు. ఉడికించిన చికెన్ రొమ్ము మాంసం 100 గ్రాములకు 30 దాకా, చేప 20 నుంచి 25. మామూలు పెరుగు 100 గ్రాములకు మూడున్నర. అదే పెరుగును గుడ్డలో వేలాడదీసి నీరంతా వడగట్టేస్తే 9, 10 గ్రాములకు దగ్గరవుతుంది. గట్టి టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) 100 గ్రాములకు 12 పైచిలుకు. ఉడికిన పప్పుల్లో 8, 9 గ్రాములు.

శాకాహారులు ఈ పప్పుల దగ్గర కాస్త ఆగాలి. పప్పు మంచిదే, పీచు, ఇనుము కూడా ఇస్తుంది. కానీ ఒక్క పప్పుతోనే 60 గ్రాములు కావాలంటే రోజుకు ఉడికిన పప్పు 650 గ్రాములకు పైగా తినాలి. మూడు, నాలుగు పెద్ద చెంచాలు పట్టే కడుపులో అది అసాధ్యం. పైగా అదే 100 గ్రాముల పప్పులో 20 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అందుకని వడకట్టిన పెరుగు, టోఫు, సోయా, పాలపొడి, మంచి ప్రొటీన్ పౌడర్ మీద రోజును నిలబెట్టి, పప్పును పక్కన చేర్చుకోండి. నట్స్ విషయంలోనూ అంతే. ప్రొటీన్ కంటే వాటిలో కొవ్వే ఎక్కువ, కాబట్టి వాటిని ప్రధాన ఆధారంగా పెట్టుకోవద్దు.

మొదటి నెల రోజులు వంటింటి తూకం వాడండి. కంటి అంచనా ఈ దశలో బాగా తప్పుతుంది. మనం 50 గ్రాములు అనుకున్నది తూస్తే 30 కూడా ఉండదు.

నాలుగో పని: పౌడర్ ఎంచుకోవడం

పౌడర్ లేకుండా మొదటి రెండు, మూడు నెలలు నెట్టుకురావడం చాలా కష్టం. కృత్రిమంగా ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటారు. ఈ కొద్ది నెలలు దాన్ని మందులాగే చూడండి. కడుపు పట్టే పరిమాణం పెరిగేకొద్దీ మెల్లగా తగ్గించుకోవచ్చు.

డబ్బా ముందువైపు రాసినవి వదిలేసి వెనక ఉన్న పట్టిక చదవండి. స్కూపు బరువు వేరు, అందులోని ప్రొటీన్ బరువు వేరు. 30 గ్రాముల స్కూపులో 24 గ్రాములు ప్రొటీన్ ఉంటే మంచి పౌడర్. అదే స్కూపులో 8, 10 గ్రాములే ఉంటే మిగతాది చాలావరకు పిండి, చక్కెర. ఒక్కసారి తాగే షేక్‌లో 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల లోపు చక్కెర ఉండేలా చూసుకోండి. బరువు పెంచుకోవడానికి అమ్మే మాస్ గెయినర్ డబ్బాలు కూడా అదే అరలో, అవే బొమ్మలతో ఉంటాయి. పొరపాటున వాటిని తెచ్చుకోవద్దు.

పాల విరుగుడు నీటి నుంచి తీసి శుద్ధి చేసిన వే ఐసొలేట్ పౌడర్‌లో ప్రొటీన్ దాదాపు 90 శాతం ఉంటుంది, లాక్టోజ్ (పాలలోని చక్కెర) చాలా తక్కువ. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, కొందరికి పాలు పడవు. కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. అలాంటివాళ్లకు ఐసొలేట్ నయం. పాలు అసలే వద్దనుకునేవాళ్లకు సోయా ఐసొలేట్ ఉంది. కొల్లాజెన్ పౌడర్‌ను మాత్రం ప్రొటీన్ లెక్కలో వేయకండి. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ అందులో లేదు. జుట్టు కోసం, చర్మం కోసం తాగాలనిపిస్తే తాగండి, కానీ మీ 60 గ్రాములు వేరే చోటి నుంచి రావాలి.

పెద్ద డబ్బా కొనేముందు చిన్న ప్యాకెట్లు నాలుగైదు రకాలు రుచి చూడండి. ఆపరేషన్ తర్వాత నాలుక మారిపోతుంది, ముందు ఎంతో ఇష్టంగా తాగిన చాక్లెట్ రుచి ఇప్పుడు వెగటుగా అనిపించవచ్చు. తీపి పడనివాళ్లు ఏ రుచీ లేని పౌడర్‌ను సూపులో కలుపుకోవచ్చు. మరుగుతున్న సూపులో వేస్తే ఉండలు కడుతుంది, విరిగిపోతుంది. ముందు రెండు చెంచాల చల్లటి నీళ్లలో పేస్టులా కలిపి, గోరువెచ్చగా చల్లారిన సూపులో వేయండి. షేక్ వాసన పడకపోతే బాగా చల్లబరిచి, మూత ఉన్న కప్పులో తాగితే వాసన అంతగా తెలియదు.

ఐదో పని: రోజును వేళలుగా విడగొట్టుకోండి

ఆరో వారం దాటిన మనిషికి ఒక రోజు ఇలా ఉండవచ్చు. ఉదయం ఏడున్నరకు మెత్తటి గుడ్డు, 6 గ్రాములు. పదింటికి పాలపొడి కలిపిన పాలు, 11. ఒంటిగంటకు 50 గ్రాముల చేప, 11 లేదా 12. నాలుగింటికి షేక్, 20. రాత్రి ఏడింటికి నాలుగు పెద్ద చెంచాల పప్పు, 5. తొమ్మిదింటికి 100 గ్రాముల వడకట్టిన పెరుగు, 9. మొత్తం 62, 63 గ్రాములు. ఇందులోంచి షేక్ ఒక్కటి తీసేయండి, 42, 43కు పడిపోతుంది. షేక్ మానేసిన రోజున ఎంత వెనకబడతామో దీన్నిబట్టే తెలుస్తుంది. గుడ్డు, చేప తినని వాళ్లు ఆ రెండు వేళల్లోనూ 60 గ్రాముల చొప్పున గట్టి టోఫు తీసుకుంటే, తేడా 3, 4 గ్రాములకు మించదు. ఇంకో రెండు, మూడు చెంచాల పాలపొడి దాన్ని పూడుస్తుంది.

వేళలకు ఫోన్లో అలారం పెట్టుకోండి. మోగినప్పుడు ఆకలి లేకపోయినా రెండు చెంచాలతో మొదలుపెట్టండి. తిన్న ప్రతిదీ అప్పటికప్పుడే రాసుకోండి. రాత్రి కూర్చుని గుర్తుచేసుకుంటే లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి సగం కూడా దాటకపోతే రాత్రికి అందుకోవడం కష్టం, కాబట్టి ఉదయం నుంచే గ్రాములు పోగేయండి.

ప్లేటులో ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితేనే అన్నం, రొట్టె లాంటివి. కొసగోరంత ముక్క నోట్లో పెట్టుకుని, పేస్టులా అయ్యేదాకా నమిలి మింగండి. ఒక్కో భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. ఛాతీ మధ్యలో బిగుతుగా అనిపించినా, ఎక్కిళ్లు వచ్చినా, ఉన్నట్టుండి ముక్కు కారినా అది "ఇక చాలు" అనే సూచన. ప్లేటులో గ్రాములు మిగిలాయని ఆ తర్వాత ఇంకో ముద్ద తింటే వాంతి అవుతుంది, తిన్నదంతా పోతుంది.

భోజనంతో నీళ్లు తాగవద్దు. తిన్నాక అరగంట ఆగండి. మిగతా సమయమంతా గుక్కగుక్కగా తాగుతూ, రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు పూర్తి చేయండి. షేక్, పాలు ఈ లీటరున్నరలోకే వస్తాయి. షేక్‌ను గటగటా తాగకుండా అరగంట, ముప్పావుగంట సేపు సాగదీయండి.

ఇనుము మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని పాల షేక్‌తో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోవద్దు. కాల్షియం ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రెండు గంటల ఎడం పెట్టండి.

ఆరో పని: కండకు పని చెప్పండి

ప్రొటీన్ తిని కూర్చుంటే కండ నిలవదు. నడక ఆస్పత్రిలోనే మొదలవుతుంది. బరువులెత్తడం, ఎలాస్టిక్ బ్యాండుతో చేసే వ్యాయామాలు సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టండి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మంచి ఆరంభం. నెలనెలా అదెంత తేలికవుతోందో చూసుకుంటే కండ సంగతి కొంత అర్థమవుతుంది.

జుట్టు ఊడుతుంటే

ఆపరేషన్ తర్వాత మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు కుచ్చులుగా ఊడటం చాలామందికి జరుగుతుంది. దువ్వెన చూసుకుని ఏడ్చేవాళ్లున్నారు, ఆ బాధ తీసిపారేయాల్సింది కాదు. ఆపరేషన్ వల్ల, బరువు వేగంగా తగ్గడం వల్ల ఒకేసారి చాలా వెంట్రుకలు విశ్రాంతి దశలోకి వెళ్లి రాలిపోతాయి. కుదుళ్లు చావవు కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. ప్రొటీన్, ఇనుము, జింక్ తక్కువైతే మాత్రం ఈ రాలడం పెరుగుతుంది, ఎక్కువ కాలం సాగుతుంది. మీ లెక్కల పుస్తకం తెరిచి చూడండి. రోజూ 60 దాటుతున్నా ఊడుతుంటే ప్రొటీన్ ఇంకా పెంచే బదులు ఇనుము, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), జింక్ పరీక్షలు చేయించుకోండి. బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తపరీక్షకు ముందే డాక్టర్‌కు చెప్పాలి. అవి థైరాయిడ్ లాంటి కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి.

ఏడాది దాటాక

కడుపులో చోటు కొంత పెరుగుతుంది, ఆకలీ తిరిగొస్తుంది. మాంసం, టోఫు లాంటి గట్టి ప్రొటీన్ రెండు మూడు ముద్దలకే ఆపేస్తుంది. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీమ్ అలా కాదు, ఎన్ని తిన్నా అడ్డం లేకుండా జారిపోతాయి. తేలిగ్గా దిగేవాటికి అలవాటు పడి ప్రొటీన్ మరిచిపోయేది ఎక్కువగా ఈ దశలోనే. ఇప్పుడు షేక్ తగ్గించి, నమిలి తినే ప్రొటీన్ పెంచండి. బైపాస్ అయినవాళ్లకు తీపి పదార్థాలు తిన్న పావుగంట, అరగంటలో గుండె దడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ అంటారు. చక్కెర కలిపిన రెడీమేడ్ షేకులూ ఆ పని చేస్తాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

రెండు పాదాల్లో వాపు, రోజురోజుకూ పెరిగే నీరసం, మానని గాయం, సులభంగా విరిగే గోళ్లు కనిపిస్తే ప్రొటీన్ లోపమై ఉండవచ్చు. వేరే కారణాలూ ఉండవచ్చు, అందుకే పరీక్ష చేయించుకోవాలి. ఒక్క కాలే వాచి నొప్పి పుడితే అది రక్తం గడ్డ కావచ్చు. ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

వాంతులు రెండు, మూడు రోజులు తగ్గకపోతే ఇంట్లో షేకులు మార్చి చూస్తూ కూర్చోవద్దు. వాంతులు కొనసాగితే థయమిన్, అంటే బి1 విటమిన్, వేగంగా అడుగంటుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మతి తికమకపడటం మొదలైతే అది ఎమర్జెన్సీ. వెళ్లగానే ఈ ఆపరేషన్ జరిగిందని, ఎన్ని రోజులుగా వాంతులవుతున్నాయని చెప్పండి. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇవ్వాలా అని డాక్టర్‌ను అడగండి.

ఇవేవీ లేకపోయినా మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి రక్తపరీక్షలు మానవద్దు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మామూలుగా ఉందని నిశ్చింత వద్దు, అది ఆలస్యంగా తగ్గుతుంది. వెళ్లేటప్పుడు గత రెండు వారాల తిండి లెక్కలు రాసిన పుస్తకం కూడా తీసుకెళ్లండి. "బాగానే తింటున్నాను" అనే జవాబు కంటే ఆ పేజీలే డైటీషియన్‌కు ఎక్కువ పనికొస్తాయి.